కష్టకాలమున కాయకమే ఊతకోల

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



గడచిన మాసపు శివానుభవగోష్ఠి ముగిసి, ప్రసాదము స్వీకరించి అందరును వెడలుచుండగా ఒక గృహస్థుడు నాయొద్దకు వచ్చి నిలిచెను. అతనికి రెండేండ్లు వరుసగా పంట పోయినది. బోరుబావి ఎండినది. కుమార్తె వివాహమునకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుచున్నది. నిత్యము లింగపూజ తప్పని మనుష్యుడు. అతడు నన్నడిగినది ధనము కాదు. “అయ్యా! ఓర్చుకొమ్మని అందరును చెప్పుచున్నారు. ఓర్చుకొనుటకు వలయు బలము ఎక్కడ దొరకునో ఎవరును చెప్పుట లేదు” అనెను.

ఆ మాటకు అప్పటికప్పుడు నాయొద్ద ఉత్తరము లేకపోయినది. పూర్వకర్మఫలమని చెప్పి చేతులు దులుపుకొనుట సులువు. శివపరీక్ష యని చెప్పి పంపివేయుట ఇంకను సులువు. కాని ఆకలితో నున్నవానికి ఆకలికి కారణము చెప్పినంతమాత్రమున కడుపు నిండదు. అతడడిగినది కారణము కాదు, బలము. కావున ఆ గృహస్థునకు ఆనాడు చెప్పలేకపోయిన ఉత్తరమును ఈ పాఠమున చెప్ప యత్నించుచున్నాను. ఇట్టి ప్రశ్న నోట పలుకకున్నను మనస్సున మోయుచున్నవారు మన కుటుంబములలో ఇంకెందరో కలరు.

౧. ఓర్పు అనగా నేమి?

వేసవి యెండను బండరాయియు సహించును, చింతచెట్టును సహించును. రాయి ఊరకయే పడియుండును. చెట్టు అట్లు కాదు. పైన ఎండ ముదిరినకొలది అది తన వేరును లోతునకు పంపుచు నీటిని వెదకుచుండును. చూచువారికి రెండును కదలక నిలిచినట్లే తోచును. ఒకటి జడముగా నిలిచినది, రెండవది పని చేయుచు నిలిచినది.

శరణులు మెచ్చిన ఓర్పు ఈ రెండవ విధమైనది. చేతులు ముడుచుకొని భరించుట వారి మార్గము కాదు. అన్యాయమును తలవంచి సహించుటయు వారి మార్గము కాదు. చేయదగిన పనిని విడువక, చేయరాని పనిని దరిజేరనీయక నిలిచియుండుటయే వారి దృష్టిలో ధైర్యము. ఈ భేదమును మొదట గుర్తించినచో మిగిలిన విషయము సులభముగా బోధపడును.

౨. చెదరిన కల్యాణము

క్రీ.శ. 12వ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరులు, అల్లమప్రభుదేవులు, చెన్నబసవేశ్వరులు, అక్కమహాదేవి మొదలగు శరణులు కూడి అనుభవమంటపమును వెలయించిన వృత్తాంతము మనకందరకును తెలిసినదే. ఆ కల్యాణము నేడు కర్ణాటకమందలి బీదరు జిల్లాలో బసవకల్యాణ మను పేర నున్నది. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. అనగా మన తెలంగాణపు వృద్ధులలో కొందరు పుట్టిననాటికి కల్యాణమును, వారి ఊరును ఒకే రాష్ట్రమున నుండెను.

1167 ప్రాంతమున బిజ్జలుని మరణముతో ఆ నగరమున కల్లోలము చెలరేగెను. శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యమునొందిరి. చెన్నబసవేశ్వరుల వెంట కొందరు శరణులు పశ్చిమమున నడవిలోనున్న ఉళివి క్షేత్రమును చేరిరనియు, ఆ ప్రయాణమున మడివాళ మాచిదేవులు మొదలగువారు వచనముల తాళపత్రములను కాపాడిరనియు సంప్రదాయము చెప్పుచున్నది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలయును. ఇల్లు విడిచి, ఊరు విడిచి, ప్రాణభయముతో పోవువాడు తనతో ఏమి తీసికొనిపోవును? వెండి బంగారములు, ఉన్నచో ధాన్యము. ఆ శరణులు మోసినది తాటియాకుల కట్టలు! రేపటి తిండికి అవి పనికిరావు. ఐనను వాటిని విడువలేదు.

మన తెలుగునాడును ఈ రక్షణకార్యమున వెనుకబడి యుండలేదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు జనులు పాడుకొనదగిన ద్విపదలో బసవపురాణమును రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. బసవేశ్వరుల కథ కన్నడసీమలో పుట్టి, తెలుగున పురాణమై, తిరిగి కన్నడమును చేరినది. తరువాత 15వ శతాబ్దమున విజయనగర ప్రభువైన ప్రౌఢదేవరాయల కాలమున శరణసాహిత్యమును సేకరించి కూర్చు కార్యము విరివిగా జరిగెను. శూన్యసంపాదన వెలసినదియు ఆ శతాబ్దముననే.

అటుపిమ్మట కాలము మరల మరుగుచేసెను. తాళపత్రములు ఇండ్లలోను, మఠములలోను పూజాస్థానములకెక్కెను. విభూతి పూసి, పుష్పము పెట్టి నమస్కరించువారు పెక్కురు, కట్టు విప్పి చదువువారు అరుదు. చెదలు మాత్రము ప్రతిదినమును చదువుచుండెను!

౩. ఒక న్యాయవాది కాయకము

ఆ స్థితిలో ఆ కట్టలను విప్పినవారిలో అగ్రగణ్యులు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టివారు. వీరు 1880వ సంవత్సరము జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించిరి. బొంబాయిలో ఉన్నతవిద్య నభ్యసించి, 1904లో న్యాయశాస్త్ర పట్టమునంది, బిజాపురమున న్యాయవాదిగా స్థిరపడిరి. నేడు ఆ నగరమునకు విజయపుర మని పేరు. అది కరవుసీమ. అచ్చటి జనుల ప్రథమావసరము విద్య యని గుర్తించి, తోడివారితో కలసి 1910లో బిజాపుర లింగాయత జిల్లా విద్యాసంస్థను నెలకొల్పిరి.

న్యాయవాదవృత్తి ధనము తెచ్చునది. ఆ మార్గముననే పోయియుండినచో వారు సుఖముగా జీవించి, సుఖముగా మరుగునపడి యుండెడివారు. కాని వారి దృష్టి తాళపత్రములపై నిలిచెను. ఊరూర తిరిగిరి, ఇంటింటిని అడిగిరి. ఇచ్చినవారి యొద్ద తీసికొనిరి, ఇయ్యనివారి యొద్ద వేడుకొనిరి. ఇట్లు వందలకొలది తాళపత్రప్రతులు వారి యింట చేరెను.

తాళపత్రమును చదువుట ఎంతటి శ్రమయో నేటివారికి తెలియజెప్పవలయును. గంటముతో గీసిన అక్షరములు మసి పూసినగాని కనబడవు. పదమునకు పదమునకు నడుమ ఎడము ఉండదు. వాక్యము ఎక్కడ ముగిసినదో తెలుపు గుర్తులుండవు. ఆకు విరిగినచోట మాట పోవును, పురుగు తిన్నచోట అర్థము పోవును. ఒక వచనము ఎవరిదో తెలియుటకు తుదనున్న అంకితమే ముఖ్యమైన ఆధారము. కూడలసంగమదేవ యని యున్నచో బసవేశ్వరులది, గుహేశ్వర యని యున్నచో అల్లమప్రభువులది, చెన్నమల్లికార్జున యని యున్నచో అక్కమహాదేవిది. ఒకే వచనము వేర్వేరు ప్రతులలో వేర్వేరుగ నుండును. వాటిని సరిపోల్చి, శుద్ధప్రతి వ్రాసి, విషయానుసారముగ కూర్చవలయును. పగలంతయు న్యాయస్థానపు పనితో అలసినవాడు ఇంటికి వచ్చి చేయవలసిన పని ఇది.

గ్రంథము సిద్ధమైన తరువాతనైనను మార్గము సుగమము కాలేదు. మొదట పంపిన ముద్రణాలయము అచ్చువేయక ప్రతిని తిప్పి పంపెనని వారి చరిత్రకారులు వ్రాసియున్నారు. ఏండ్ల శ్రమ అట్లు గుమ్మములోనికి తిరిగివచ్చి పడినప్పుడు ఎట్టివానికైనను చేయి ఆడదు. హళకట్టివారు ప్రయత్నము మానలేదు. 1923లో ‘వచనశాస్త్రసార’ ప్రథమభాగము వెలువడెను.

పరుల ముద్రణాలయములపై ఆధారపడినచో ఈ పని ఒక జీవితకాలమున ముగియదని గ్రహించి, 1925లో వారు తమ యిల్లమ్మి ‘హితచింతక’ ముద్రణాలయమును స్థాపించిరి. 1926లో ‘శివానుభవ’ పత్రికను ఆరంభించిరి. ఆ సంవత్సరమే బళ్లారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షులైరి. బళ్లారి అప్పుడు మదరాసు రాజధానిలోనిది, తెలుగు కన్నడములు రెండును వీధిలో వినబడు నగరము. సభలో పుష్పమాల లభించెను గాని, పత్రిక రాబడి పత్రిక వ్యయమునకు చాలలేదు. సంపాదించినదంతయు ఈ కార్యమునకే వెచ్చించి, హళకట్టివారు మిక్కిలి సామాన్యమైన జీవితము గడపిరి. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. 1964లో వారు లింగైక్యులైరి. జనులు వారిని ‘వచనపితామహ’ యని పిలుచుకొనుచున్నారు.

వారి జీవితకాలమున ధనము వారి యింటికి రాలేదు, ఈ మాటను దాచుట తగదు. పట్టుదలకు ఫలము తప్పక లభించునని పిల్లలకు చెప్పు కథలవలె ఈ కథ ముగియదు. కాని వారు మిగిల్చినదేమో చూడుడు. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచనసంపుటములను 15 భాగములుగా వెలువరించినది. 2012లో బెంగుళూరు బసవసమితి రెండువేల ఐదువందల వచనములను తెలుగుతో సహా పలు భారతీయభాషలలోనికి అనువదింపజేసి ప్రకటించినది. ఆ చిన్న విద్యాసంస్థ పెరిగి, 2008లో విశ్వవిద్యాలయ హోదా గల వైద్యవిద్యాలయమునకు తల్లియైనది. నేడు మనము ఇంట కూర్చుండి తెలుగున వచనము చదువుకొనుచున్నామన్న, దాని వెనుక ఆ యమ్మబడిన ఇల్లు ఉన్నది.

౪. బలము ఎక్కడినుండి వచ్చెను?

ఇప్పుడు ఆ గృహస్థుని ప్రశ్నకు వత్తము. హళకట్టివారికి అంత బలము ఎక్కడినుండి వచ్చెను?

సామాన్యముగా మనము అనుకొనునది ఇది: మొదట ప్రేరణ కలుగును, దానిచేత పని సాగును, ప్రేరణ తగ్గినచో పని ఆగును. కావున ప్రేరణ కొరకు ఎదురుచూచుచు కూర్చుందుము. హళకట్టివారి జీవితమును పరికించినచో ఈ క్రమము తలక్రిందులుగ కనబడును. వారు ముందు కట్టు విప్పిరి. విప్పినందున ఒక వచనము చదివిరి. చదివినందున రెండవ కట్టునకు వెదకిరి. పని ప్రేరణను పుట్టించెను, ఆ ప్రేరణ మరునాటి పనికి చాలెను. బావిలో ఊట వంటిది ఇది. తోడినకొలది ఊరును. తోడక నిలువచేయదలచినచో పాచిపట్టును.

ఇంకొక సంగతి గలదు. ఆ తాళపత్రములలో నున్న మాటలు ఎవరివి? ఊరు కోల్పోయినవారివి, వెలివేయబడినవారివి, చాకలివి, పడవవానివి, కట్టెలమ్మువానివి. కష్టములోనున్న వ్యక్తి కష్టపడినవారి మాటలను ప్రతిదినమును తన చేతితో వ్రాసికొనుచుండెను. ఎనిమిది శతాబ్దముల వెనుకటివారు ప్రక్కన కూర్చుండి మాటలాడుచున్నట్లు వారికి తోచియుండును. తానొక్కడనే యను భావము కష్టమును రెట్టింపు చేయును. నాకు ముందు ఇందరు ఈ దారిని నడచిరను తెలివిడి దానిని సగము చేయును.

౫. లక్కమ్మ కొలత

కష్టమునందు పని ఎంత చేయవలయును? దీనికి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ చక్కని కొలతను చూపుచున్నది. బసవేశ్వరుల మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారు జంగమదాసోహము చేసి తామును భుజించుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి వలసినదానికంటె అధికమైనది మనది కాదు, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను తిప్పి పంపెను.

ఈ కథను మనము సాధారణముగా అత్యాశ కూడదను నీతికి చెప్పుకొందుము. కష్టకాలమున దీనిని వేరొక విధముగను చదువుకొనవచ్చును. కష్టములో నున్నవాడు ధనమును కూడబెట్టలేడు గాని దుఃఖమును కూడబెట్టును. నిన్నటి నష్టము, నేటి కొరత, రేపటి భయము, పదియేండ్ల తరువాతి అవమానము, అన్నిటిని ఒకే మూటగా కట్టి ఒకేనాడు నెత్తిన పెట్టుకొనును. ఆ మూటను ఎవరును మోయలేరు. లక్కమ్మ ఆ వాకిట నిలిచి మనతోను అదే చెప్పుచున్నది: నేటి గింజలు మాత్రమే లోనికి తెమ్ము, మిగిలినవి వెలుపల పోసి రమ్ము.

ఒకనాటి కష్టమునకు ఒకనాటి కాయకము సరిపోవును. అప్పు మొత్తమును తలచినచో గుండె జారును, ఈ మాసపు వాయిదాను తలచినచో చేయి కదలును. వేయి తాళపత్రములు ఎవరినైనను భయపెట్టును, ఎదుటనున్న ఒక్క ఆకు ఎవరిని భయపెట్టదు.

౬. గృహమునందు ఆచరణ

చదివి విడుచుటకు కాక, ఆచరించుటకు తగిన నాలుగు మాటలు చెప్పెదను.

మొదటిది, ఇష్టలింగపూజను వరముల బేరముగా చేయరాదు. అరచేతిలో లింగమును నిలిపి దృష్టిని దానిపై నుంచినప్పుడు మనస్సు పదిమారులు పారిపోవును. పదిమారులును మరల తెచ్చి నిలుపుదుము. ఈ మరల తెచ్చుటయే అభ్యాసము. పూజామందిరమున మనస్సును మరల తెచ్చుట నేర్చినవాడు పొలమునందును, అంగడియందును దానిని మరల తేగలడు.

రెండవది, ఎంతటి కష్టమునందైనను దినమునకు ఒక కాయకమును తప్పక పూర్తిచేయవలయును. అది చిన్నదైనను సరియే. పగ్గము పేనుట, గట్టు సరిచేయుట, లెక్క వ్రాయుట, పిల్లలకు పాఠము చెప్పుట, ఏదైనను కావచ్చును. సాయంకాలమునకు “ఇది నేడు ముగిసినది” యని చెప్పుకొనదగినది ఒక్కటి ఉండవలయును. మనస్సు నిలుచుటకు ఆ పీట చాలును.

మూడవది, అప్పును, జబ్బును, బాధను ఇంటివారియొద్ద దాచరాదు. మారయ్యకు లక్కమ్మ తోడుండెను గనుకనే అతని కాయకము తప్పుదారి పట్టలేదు. భార్యకు తెలియని అప్పు, కుమారునకు తెలియని జబ్బు లోలోపల పెరిగి మనిషిని త్రుంచును. ప్రాణముపై విరక్తి కలుగునంతటి దుఃఖము వచ్చినప్పుడు ఒంటరిగ నుండక, ఆ క్షణమే అయినవారియొద్దకును, వైద్యునియొద్దకును పోవలయును. సహాయమడుగుట ఓటమి కాదు. హళకట్టివారు తాళపత్రములకై ఎన్ని గుమ్మముల ముందు నిలిచిరో తలచుకొనుడు.

నాలుగవది, వారమునకొకమారైనను ఇంటిల్లిపాది కూర్చుండి ఒక వచనమును చదివి, అర్థము మాటలాడుకొనవలయును. కట్టు విప్పని గ్రంథము ఎంత పవిత్రమైనను బలమియ్యదు.

౭. ఓర్పు అతనిది, దాసోహము మనది

చివరకు మఠములకును, కలిగిన కుటుంబములకును ఒక మనవి. కష్టములో నున్నవానికి ధైర్యము చెప్పి పంపుటతో మన ధర్మము తీరదు. శరణులు కాయకమును, దాసోహమును జంటగా చెప్పిరి. కాయకము కష్టములో నున్నవాడు చేయవలసినది, దాసోహము వానిని చూచుచున్నవాడు చేయవలసినది. రెండవది లేక మొదటిదానిని మాత్రమే బోధించినచో అది ఉపదేశము కాదు, నిష్ఠురము. హళకట్టివారికి ప్రతుల నిచ్చిన ఇండ్లు, విద్యాసంస్థకు చేయూతనిచ్చిన తోడివారు లేకున్నచో వారి పట్టుదల ఒక్కటియే ఇంత చేయగలిగెడిది కాదు.

ఆ గృహస్థుడు వచ్చు మాసపు గోష్ఠికి మరల వచ్చును. ఈసారి అతనికి నేను చెప్పబోవునది ఇది: “నాయనా! బలము ముందుగా దొరకి, తరువాత నడచుట లేదు. నేటి గింజలు ఏరుటకు వంగుము, వంగినప్పుడే ఆ బలము చేతికి వచ్చును. వంగలేని దినమున మావైపు చూడుము.” ఆ రెండవ మాటను నిలుపుకొనుటకై, అప్పునకు వడ్డీ తగ్గించు మార్గమును గూర్చి అతనితో కూర్చుండి మాటలాడుటకు గోష్ఠిలోని ఇరువురు పెద్దలను ముందుగనే అడిగియుంచితిని. ఉత్తరములో అదియు ఒక భాగమే.

గోష్ఠులలో చర్చింపదగిన ప్రశ్నలు:

1. రాయి ఓర్పునకును, చెట్టు ఓర్పునకును గల భేదమును మీ జీవితములోని ఒక సంఘటనతో చెప్పుడు.

2. మీ యింట పూజింపబడుచు, చదువబడకయున్న గ్రంథమేది? దానిని ఎప్పుడు విప్పెదరు?

3. లక్కమ్మ కొలతను అనుసరించి, నేడు మీరు వెలుపల పోసి రావలసిన చింత ఏది?

4. మీ యూర ఇప్పుడు కష్టములోనున్న కుటుంబమేది? వారి కొరకు ఈ మాసమున చేయదగిన దాసోహమేమి?